పసుపంటిన పన్నెండు కాగితాలు

పెళ్లికార్డులు అచ్చేసే కామరాజు దుకాణం అమీర్‌పేటలో ఓ సందు చివర ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో నవీన తన బొమ్మలు అచ్చేసుకోవడానికి అక్కడికే వస్తుంది. ఈసారి తెచ్చింది పన్నెండు కాగితాలు. ఆర్టీసీ కండక్టరుగా చేసి చనిపోయిన తండ్రి రాజనర్సయ్యను వాటి మీద పొరలు పొరలుగా, పొరకో సిల్కు తెర పెట్టి, అచ్చు వేసింది. అడుగున బస్సు టికెట్లు, ఆ పైన ఫ్లైఓవర్ రాకముందటి పంజాగుట్ట చౌరస్తా, చివరగా నల్లరంగులో కండువా వేసుకున్న ఆయన ముఖం. మర్నాడు బంజారాహిల్స్‌ గ్యాలరీకి ఇవ్వాలి. తల్లి రాజమ్మ చూసి సరేనంటేనే ఇవ్వాలనుకుంది.

ముఖం అచ్చు పడ్డాక పంజాగుట్ట పోయి తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. వచ్చేసరికి అన్ని కాగితాలకూ నాలుగు మూలలా పసుపు.

"కామరాజన్నా! గిదేంది?"

"పసుపు లేంది మా కాడికెల్లి కార్డు గడప దాటదక్కా."

"కార్డని ఎవరన్నరు? మా బాపు పోయి ఆరేండ్లయింది!"

కామరాజు గతుక్కుమన్నాడు. "నువ్వెన్నడు చెప్పినవ్? కండువా ఏస్కొని నవ్వుతుండు గదా, షష్టిపూర్తి అనుకున్న."

పోయినవాళ్ల కాగితానికి పసుపు పెట్టరు. తుడిస్తే మరక పాకుతుంది. మళ్లీ వేద్దామంటే టికెట్ల తెర, చౌరస్తా తెర ఎప్పుడో కడిగేసి, ఎవరివో శుభలేఖలకు వాడేశాడు. కాగితాలు తల్లికి కనబడకుండా నవీన బల్లకు అడ్డంగా నిలబడింది.

"జర జరుగు," అంది రాజమ్మ. కళ్లజోడు సర్దుకుని చౌరస్తాను వేలితో చూపించింది. "స్టాప్ లేకున్నా గీడ నా కోసం బస్సాపిండని మెమో ఇచ్చిన్రు." తర్వాత పసుపు చూసింది. "ఏమన్నవ్ కొడుకా? షష్టిపూర్తా?"

"తప్పయింది, అమ్మా."

"తప్పేంది? ఇంక రెండు నెల్లే ఉండె. కార్డు సుత చూసి పెట్టుకున్నం. ఆగకపాయె మనిషి."

పై కాగితం తీసి రెండు చేతులతో పట్టుకుంది. "నడువు. ముందుగాల్ల దేవుని కాడ పెట్టాలె."

"దేవుని అర్రల పోయినోళ్ల ఫోటో పెట్టొద్దని నువ్వే అంటవ్ గదనే."

"ఫోటో యాడిది? కార్డు గాదె?" అని రాజమ్మ మెట్లు దిగింది.

నవీన మిగతా కాగితాల మధ్య బటర్ పేపర్ పరిచి, పసుపు చెదరకుండా గ్యాలరీ కోసం కట్ట కట్టింది.