సోర్లీ ఒక్కడే పోసిన బీరు

మా దీవి నేలంతా రాయే. ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నాచును ఎరువుగా పరిస్తేనే బంగాళాదుంపలు పండుతాయి. ఆ నాచు పంపే దేవుడు నీళ్లలో ఉంటాడు. ఏటా ఇంటికో గుప్పెడు బార్లీ తెచ్చి, ఎవరి చేలో పండింది వాళ్లే వేసి, బీరు కాచేవాళ్లం. ఊరంతా ఒడ్డున నిలబడితే ఒకడు నడుము లోతు దిగి ముంత వంచేవాడు. అందరూ ఇస్తే ఆయన రుణం అందరి మీదా పడుతుంది. ఎవరికీ బరువుండదు.

పాస్టరు గారు వచ్చి అది సైతాను పూజ అన్నారు. మానేశాం. నాచు కూడా రావడం మానేసింది. ఆ చలికాలం మా పక్కింటి సోర్లీ పెద్దకూతురు ఆకలికి పోయింది.

అందుకే వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. దాచిన బార్లీ విత్తనాలతో బీరు కాచి, వాడొక్కడే దిగి పోశాడు. మర్నాటికి వాడి ఒడ్డున మోకాలెత్తు నాచు. మా ఒడ్డున గులకరాళ్లు.

"ఒక్క బండెడు ఇవ్వరా," అని అడిగాను.

"నా పిల్ల పోయినప్పుడు మీ పాస్టరు ప్రార్థన ఇచ్చాడు కదక్కా. అదే పరుచుకోండి," అన్నాడు.

వాడి ఇల్లు దుంపలతో నిండింది. ఆశ నిండలేదు. మళ్లీ పోశాడు. ఈసారి నాచు ఒడ్డున ఆగలేదు. చేను దాటి గడప దాటింది. ఎంత లాగి పారేసినా తెల్లారేసరికి చిన్నకూతురు మోరాగ్ మంచం చుట్టూ ఉండేది. ఒక పొద్దున పిల్ల కాళ్లకు చుట్టుకుని గుమ్మం దాకా ఈడ్చింది. తల్లి ఎఫీ కొడవలితో కోసి విడిపించింది.

సోర్లీ గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు.

"తలా ఓ గుప్పెడు వెయ్యండక్కా. రుణం అందరం పంచుకుందాం. మీ కాళ్లు పట్టుకుంటా."

"ఉంటే పెట్టనా, పిచ్చోడా," అన్నాను. నాచు లేక మా చేలల్లో ఏమీ పండలేదు. ఏ ఇంట్లోనూ సొంత గింజ లేదు.

వాడు ఖాళీ గిన్నె నా గడప మీద పెట్టాడు. "పిల్లని చూస్కో అక్కా," అని సముద్రం వైపు నడిచాడు. నేను కేకలు వేశాను. ఎఫీ వెనకాలే పరిగెత్తింది, కానీ అందుకునేలోపే వాడు నీళ్లలో మునిగిపోయాడు.

మర్నాడు అందరి ఒడ్డుకూ నాచు వచ్చింది. ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎఫీయే ముందు దిగి గంపకెత్తుకుంది.

"ఏంటలా చూస్తారు," అంది. "పిల్ల తినాలి కదా."

ఆ ఏడు దుంపలు బాగా పండాయి. మేమూ తిన్నాం.