కూర్చోనన్న సూరమ్మ

యూ టీ అనే పేటలో పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే సూరమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు బడి క్యాంటీన్‌లో నిలబడి వండిపెట్టిన మనిషి. మార్చిలో మార్కెట్ మెట్ల మీద జారి పడింది. ఎముకేమీ విరగలేదు గానీ మోకాలు పట్టేసింది. ఆసుపత్రిలో మాత్రలిచ్చి, కాలు కదుపుతూ ఉండమన్నారు. కొడుకు దీపక్ మాత్రం భయంతో ఆమెను సోఫా దిగనివ్వలేదు. ఒక సాయంత్రం ఏదో ఫారం పట్టుకొచ్చాడు.

"సోమవారం నుంచి ముసలివాళ్ళ డే కేర్ వ్యాన్ వస్తుందమ్మా, పగలంతా అక్కడే చూసుకుంటారు. అంతా సెట్ చేసేశాను. ఇక ఒంటరిగా కిందికి దిగొద్దు, ప్లీజ్."

"నన్నడిగావా?"

"నీ మంచికే కదా!"

"నా మంచి నాకు తెలీదేంట్రా?" సూరమ్మ ఆ ఫారం అందుకుని నాలుగు ముక్కలు చేసింది.

మర్నాడు గోడలు పట్టుకుంటూ లిఫ్ట్ దాకా వెళ్ళి, పక్క బ్లాకులోని చైనా మందుల కొట్టుకు చేరింది. అక్కడి వైద్యురాలిని అందరూ ఓంగ్ సిన్సే, అంటే ఓంగ్ డాక్టరమ్మ, అంటారు. సూరమ్మకన్నా రెండేళ్ళు పెద్దది. పాతకాలం వాళ్ళిద్దరికీ మలయ్ వచ్చు కనుక మాటలకు ఇబ్బంది లేదు. సిన్సే మూడు వేళ్ళతో నాడి పట్టుకుంది, నాలుక చాపించి చూసింది, వేసుకునే మాత్రలన్నిటి పేర్లూ రాసుకుంది.

"ఆసుపత్రి మందులు ఒక్కటి కూడా మానకు. నేను ఒంటికి గుచ్చే సూదులు నొప్పిని కాస్త తగ్గిస్తాయేమో. బలం మాత్రం నువ్వే తెచ్చుకోవాలి. రేపు ఏడింటికి మా బ్లాకు కిందికి రా."

అక్కడ పదిమంది ముసలివాళ్ళు పాత చైనా వ్యాయామమేదో చేస్తున్నారు. చేతులు మెల్లగా పైకెత్తి, మెల్లగా దించాలి. మొదటి రోజు స్తంభం పట్టుకున్నా సూరమ్మ కాళ్ళు వణికాయి. తిరిగొస్తూ లిఫ్ట్‌లో ఉక్రోషంతో ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని మర్నాడూ వెళ్ళింది. ఆ తర్వాత మానలేదు.

మూడో వారంలో ఆఫీసుకు వెళ్తూ దీపక్ చూశాడు. ఒంటికాలి మీద నిలబడివుంది తల్లి.

"అమ్మా! పడితే ఎవరు చూసుకుంటారు?"

"పడితే లెగుస్తాన్రా. నువ్వు కూర్చోబెట్టేస్తే మరి లెగలేను. ఆఫీసుకు లేటవుతోంది, పో!" అని ఆమె రెండో కాలు ఎత్తింది. దీపక్ వాచీ చూసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆగస్టులో ఆసుపత్రి పరీక్షకు అతనే తీసుకెళ్ళాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవమన్నారు. లేచింది. వానపడితే మోకాలు ఇప్పటికీ సలుపుతుందని కూడా దాచకుండా చెప్పింది. "చేస్తున్న వ్యాయామం మానకండి ఆంటీ," అంది డాక్టరు. దీపక్ తలొంచుకున్నాడు.

బయటికొచ్చాక అతను టాక్సీ పిలవబోతే సూరమ్మ వినలేదు. ట్రైన్ ఎక్కారు. కిక్కిరిసి ఉంది. ఒకమ్మాయి గబుక్కున లేచి సీటు చూపించింది.

"కూర్చోమ్మా, నాకక్కర్లేదు," అంది సూరమ్మ మలయ్‌లో. ఆపై కొడుకు వైపు తిరిగింది. "నువ్వు కూర్చుంటావా? మొహం వాడిపోయింది."

"వద్దమ్మా," అన్నాడు దీపక్. సూరమ్మ చోవా చూ కాంగ్ స్టేషన్ దాటి యూ టీలో దిగేదాకా పైన వేలాడే పట్టీ పట్టుకుని నిలబడే ఉంది.