నలభై మూడు లక్షలా ఒక్కరు

తుపాను వచ్చిన మరుసటి ఏడాది కొత్తపేట దగ్గరి ఆ బడిలో నాలుగో తరగతి పిల్లలందరికీ హైదరాబాదు కంఠతా వచ్చు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ మాటకొస్తే పాఠం చెప్పే సుగుణ టీచరూ చూడలేదు. అయితేనేం, గోడకి పెద్ద అట్ట తగిలించి, రాజధాని జనాభా నలభై మూడు లక్షలనీ, ముత్యాల వ్యాపారమనీ, గాజుల బజారనీ, మందుల కంపెనీలనీ ఎర్ర సిరాతో రాసి దండకంలా చదివించేది. ఆ తరగతిలో చదివిన ప్రసన్నని ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

చెప్పదూ మరి! వాళ్ల నాన్న దుర్గారావు ఉండేది అక్కడే. అంతకుముందు ఆయన కొబ్బరికాయలు లెక్కపెట్టేవాడు. రాశి ముందు కూర్చుని రెండు చేతులా కాయలు విసురుతూ, నూటికొకటి చొప్పున గుర్తుగా పక్కన పెట్టేవాడు. ప్రసన్న ఆ కాయతో ఆడుకోబోతే, "పక్కనున్నా అది రాశిలోదేనమ్మా. మర్చిపోతే లెక్క తప్పిపోద్ది" అనేవాడు.

తుపానుకి తోటలన్నీ పడిపోయాయి. లెక్కపెట్టడానికి కాయలే లేవు. రాజధానిలో ఏదో మేడకి వాచ్‌మన్‌గా వెళ్లాడు. ఉత్తరం రాయడం రాని మనిషి. అంత జనంలో నాన్న ఒకడున్నాడని ఎవరికైనా తెలుసో లేదోనని ఆ పిల్లకి ఒకటే బెంగ.

ఓ రోజు ఇన్‌స్పెక్టరుగారు బడికి వచ్చి, రాజధాని జనాభా ఎంతని అడిగారు. ప్రసన్న లేచింది.

"నలభై మూడు లక్షలా ఒక్కరండి."

క్లాసు గొల్లుమంది. టీచరు ముఖం మాడిపోయింది. ఆ ఒక్కరూ ఎవరని ఆయన అడిగారు.

"మా నాన్నండి. ఆ జనాభా లెక్క తొంభై ఒకటిలో రాసేరంటండి. మా నాన్న తర్వాత వెళ్లేరండి."

ఆయన నవ్వలేదు. పిల్ల చెప్పిందీ నిజమేనని, ఆ ఒక్కర్నీ కలిపెయ్యమని టీచరుతో అన్నారు. అట్ట మీద లక్షల పక్కన పెన్సిలుతో ఒకటి చేరింది. రోజూ బడికి రాగానే దాన్ని చూసుకుంటే ప్రసన్నకి ధైర్యంగా ఉండేది.

కార్తీకమాసంలో దుర్గారావు గాజులు పట్టుకుని ఊళ్లోకి దిగాడు. ఆ పిల్ల గాజులు చేతికి వేసుకుందో లేదో, గలగలలాడించుకుంటూ బడికి పరిగెత్తి, టీచరుని రబ్బరు అడిగి ఆ ఒకటిని చెరిపేసింది. ఎంత సంతోషమో! నాన్న ఇక ఉండిపోతాడనే అనుకుంది. కాదని ఆ పిల్లకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికుంది? వారం తిరక్కుండా ఆయన సంచి సర్దుకుని అమలాపురం వెళ్లి బస్సెక్కాడు. ప్రసన్న అన్నం ముట్టకుండా ఏడ్చింది.

మర్నాడు టీచరే పెన్సిలు అందించింది.

"నాన్నగారు మళ్లీ వెళ్లేరటగా, రాయమ్మా."

ప్రసన్న చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"ఆయ్, వెళ్లేరండి. కానీ రాయనండి."

"ఏం?"

"అక్కడున్నా ఆయన మన రాశిలోరేనండి."

సుగుణ టీచరు పెన్సిలు బల్లమీద పెట్టి హాజరు పిలవడం మొదలుపెట్టింది.