సముద్రానికి ముందే వచ్చే మెస్

ముగ్గురు స్నేహితులు వారానికోసారి కలిసి నడవాలంటే ముందు ఏ వారమో తేలాలి. ఆదివారం సంజీవరావుకి చర్చి. శుక్రవారం మాబు సాహెబ్‌కి మసీదు. శనివారం బుల్లయ్య నీచు ముట్టడు, సోమవారం వాళ్లావిడ ముట్టనివ్వదు. నడక చివర చేపల పులుసు లేకపోతే అసలు నడవడం దేనికని బుల్లయ్య వాదన. అలా ఏరగా ఏరగా, ఎవరికీ అడ్డం లేకుండా మిగిలిన వాటిలో నడిమిదని బుధవారం ఖాయమైంది.

రెండేళ్లయింది. ఒక వారం మిరప చేల గట్ల మీద, ఒక వారం కొత్తపట్నం దారిలో సముద్రం వైపు. వైపే గానీ, సముద్రం మొహం వాళ్లు ఒక్కసారీ చూడలేదు. బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఊళ్లో వీరమ్మ మెస్ వస్తుంది. సముద్రం అక్కణ్నుంచి ఇంకో మూడు కిలోమీటర్లు. మెస్ చేరేసరికే ఒంటిగంట దాటుతుంది. వంజరం పులుసుతో పీకలదాకా తిని, బుల్లయ్య ఒక బీరు కూడా పట్టించాక ఇంక లేచి నడిచేదెవరు? బీరు తాగే ఆ కాసేపూ సంజీవరావు చర్చి సంఘపెద్ద హోదాలో కిటికీలోంచి బయటికి చూసేవాడు. తర్వాత ఆటో ఎక్కి ముగ్గురూ ఒంగోలు చేరేవాళ్లు.

సంజీవరావు ఇరవై రెండేళ్లు హెడ్మాస్టరుగా చేసినవాడు. బెల్లు కొట్టాక నిమిషం ఆలస్యమైనా గేటు మూయించిన మనిషి. అలాంటివాణ్ని పట్టుకుని వీళ్లిద్దరూ అడుగడుగునా ఆపుతారు. బుల్లయ్య మిరప చేను కనిపిస్తే చాలు, అందులోకి దిగుతాడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మాబు సాహెబ్ చేపలు ఉన్నాయా, అయిపోయాయా అని వీరమ్మకి ఫోన్లు చేస్తుంటాడు. త్వరగా నడవండ్రా అని వీళ్లకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. “తిండిపోతు వెధవలు” అని ప్రతి బుధవారం ఇంటికెళ్లి భార్య శాంతమ్మతో చెప్పుకునేవాడు.

కానీ ఈ బుధవారం వేరు. వచ్చే సోమవారం గుంటూరులో అతని కుడి మోకాలికి ఆపరేషన్. తర్వాత ఇసకలో నడకలు మర్చిపోండి మాస్టారూ అని డాక్టరు చెప్పేశాడు. అంటే సొంత కాళ్ల మీద సముద్రం దాకా వెళ్లాలంటే ఇదే ఆఖరి అవకాశం. ఆపరేషన్ సంగతి స్నేహితులకి నిన్ననే చెప్పాడు, అదీ పన్ను పీకించుకుంటున్నంత తేలిగ్గా. “రేపు మాత్రం సముద్రం ముందు, అన్నం తర్వాత” అన్నాడు. ఇద్దరూ సరేనన్నారు.

బస్సు దిగి కిలోమీటరు నడిచారో లేదో బుల్లయ్య చేలోకి దిగాడు.

“ఒరేయ్ సంజీవీ, ఈ ఆకు చూడరా, ఎట్టా ముడుచుకుందో. నల్ల తామర పురుగు.”

“నీ చేనా అది?”

“నాదైతే ఏంది, కాకపోతే ఏంది? పైరు పైరే గదా. నువ్వు ఆ గట్టు మీద కూర్చో, చూసొస్తా.”

సంజీవరావు పళ్లు నూరుకుంటూ కూర్చున్నాడు. పది నిమిషాలు. అక్కణ్నుంచి మళ్లీ బయలుదేరి అరకిలోమీటరు పోయారో లేదో, మాబు సాహెబ్ తుమ్మచెట్టు నీడలో ఆగి ఫోను చెవికి పెట్టాడు. “కూర్చోండి మాస్టారూ, ఒక్క నిమిషం. వంజరం సంగతి కనుక్కోనీండి.” ఆ ఒక్క నిమిషం ఎనిమిదైంది. తర్వాత ఇంకో చేను, ఇంకో ఫోను. మూడో ఫోను అయ్యేసరికి సంజీవరావు ఓపిక చచ్చిపోయింది. ఈ చేపల గోల తానే తేలుద్దామని తన ఫోను తీసి వీరమ్మకే చేశాడు.

“అమ్మా, ఇవాళ మేం మూడు దాటాక గానీ రాం. ముందు సముద్రానికి పోతున్నాం. ఇంక మాబు ఫోన్లు నువ్వు ఎత్తొద్దు.”

“ఏం ఫోన్లండీ? మాబుగారు నిన్ననే చెప్పేశారు గదా సార్, మూడు భోజనాలని. ఆయనెప్పుడూ ముందురోజే చెబుతారు.”

“ఇవాళ మూడుసార్లు చేశాడు గదమ్మా?”

“లేదండీ, ఇవాళ మీరే మొదలు.”

పదడుగుల అవతల మాబు సాహెబ్ మళ్లీ ఫోను చెవికి పెట్టి మాట్లాడుతున్నాడు. “ఆఁ వీరమ్మా, ముక్కలు కాస్త పెద్దవి కొట్టించు.” సంజీవరావు వెళ్లి ఆ ఫోను లాక్కుని చూశాడు. అవతల ఎవరూ లేరు.

“ఎవరితోరా మాట్లాడుతున్నావు?”

ముప్ఫై ఏళ్లు ఒక్క దొంగ టిక్కెట్టు కొట్టని మనిషికి అబద్ధం ఏం చేతనవుతుంది? మాబు సాహెబ్ తేలు కుట్టిన దొంగలా నిలబడి బుల్లయ్య వైపు చూశాడు. చేలోంచి బుల్లయ్యే అరిచాడు.

“నువ్వు కుంటుతున్నావురా! ఏడాది నుంచి కుంటుతున్నావు. కిలోమీటరు దాటితే నీ మొహం చూడలేకపోతున్నాం. ఆగమంటే ఆగవు, కూర్చోమంటే పౌరుషం. హెడ్మాస్టరువి గదా! ముప్ఫై ఏళ్లు మిరప పండించినోణ్ని, తెగులుందో లేదో గట్టు మీద నుంచే చెబుతా. దీంట్లో దిగి ఒక్కో ఆకూ తిప్పి చూడటం నాకేమన్నా సరదానా?”

సంజీవరావుకి సిగ్గేసింది. సిగ్గుకి మించి కోపం వచ్చింది. ఏడాదిగా వీళ్లని తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి తన మీదే పడ్డాయి.

“జాలి పడమని నేనడిగానా? నేను సముద్రం దాకా పోలేనని తేల్చడానికి మీరెవర్రా?”

“ఇసకలో నువ్వు పడితే శాంతమ్మకి ఎవడు చెప్పుకోవాలి?”

“పడితే నేను పడతా. ఇవాళ ఇంక ఎవడూ నన్ను ఆపొద్దు.”

ఎవరూ ఆపలేదు. అతను ముందు, వాళ్లిద్దరూ పదడుగులు వెనక. వీరమ్మ మెస్ దగ్గర పులుసు వాసన గుప్పుమన్నా ఎవరూ తల తిప్పలేదు. ఊరు దాటాక సరుగుడు తోటలు మొదలయ్యాయి. కోపం మీద ఒక కిలోమీటరు సాగింది. రెండోది మొదలయ్యేసరికి మోకాల్లో సూదులు దిగుతున్నాయి. సంజీవరావు కళ్లు తనకి తెలియకుండానే దారి పక్కన గట్టు కోసం వెతికాయి. బుల్లయ్య దిగడానికి ఒక మిరప చేను ఉంటే బాగుండునని అనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండేళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు నోరు మూసుకుని నడవడం అదే మొదలు.

మూడో కిలోమీటరు చివర రోడ్డు అయిపోయి ఇసక దిబ్బ వచ్చింది. దిబ్బ అవతల కెరటాల చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఇంకా వంద అడుగులుంటుందేమో. నాలుగడుగులు ఎక్కేసరికి మోకాలు బిగుసుకుపోయింది. పక్కనున్న సరుగుడు చెట్టుని పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా అంతా చెమట.

వెనక ఇద్దరూ ఆగారు. దగ్గరికి రాలేదు.

“చెప్పుల్లో ఇసక పడింది” అన్నాడు సంజీవరావు.

బుల్లయ్య ఆ చెప్పుల వంక చూశాడు. మాబు సాహెబ్ జేబులో ఫోను జేబులోనే ఉంది. ఇద్దరూ అలాగే నిలబడి ఎదురుచూస్తున్నారు. వద్దన్నది తనే కదా. వాళ్లు మాత్రం ఇంకేం చేస్తారు?

సంజీవరావుకి ఏడుపొచ్చినంత పనైంది. అవతల సముద్రం, ఇవతల తను, మధ్యలో అరవై మూడేళ్లుగా ఎవరితోనూ అనని ఒక మాట.

“నడవలేకపోతున్నానురా.”

అప్పుడు వచ్చారు. చెరో పక్క చేరి అతని చేతులు తమ భుజాల మీద వేసుకున్నారు.

“ఆటో పిలవనా మాస్టారూ, ముందుకే పోదామా?” అని అడిగాడు మాబు సాహెబ్.

“ముందుకే” అన్నాడు సంజీవరావు. “కాస్త మెల్లగా పదండి.”