ధర చెప్పాక

కూర వడ్డించి, భర్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపే "ఉప్పు కాస్త ఎక్కువైందేమో" అనేసింది ఆమె. ఎక్కువ కాలేదు. కానీ తనే ముందు అనేస్తే, ఆయన అనేది కొంచెం తగ్గుతుంది. పెళ్లైన దగ్గర్నుంచీ అదే అలవాటు.

"రేపటి నుంచేగా నీ రెండ్రోజుల ప్రదర్శన? ఒక్కటైనా అమ్ముడుపోలేదో, ఆ ఊలంతా అటకెక్కాల్సిందే. ఎటు కదిలినా కాళ్లకి చుట్టుకుంటోంది," అన్నాడాయన.

"పోనీలేరా, ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుకుంటోంది," అంది అత్తగారు. ఆవిడ దృష్టిలో అది కోడల్ని వెనకేసుకురావడమే.

ఖాళీగానట! ఇంటిల్లిపాది పనీ ముగించుకుని, నడుం లాగేస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని అల్లిన సంచులవి. అల్లుతున్నంతసేపే తనకంటూ ఒక ప్రాణం ఉన్నట్టు తోచేది. ఊలు అటకెక్కితే ఆ ప్రాణమూ అటకెక్కినట్టే.

ప్రదర్శనకి ముందు అమ్మకం మెళకువలు నేర్పే క్లాసులో మేడమ్ చెప్పింది. "వస్తువు వాళ్ల చేతికివ్వండి. నేనే చేశానని చెప్పండి. ధర చెప్పండి. ఆ తర్వాత నోరు మూసుకోండి. వాళ్లని ఆలోచించుకోనివ్వాలి."

"నోరు మూసుకోవడం మాకు కొత్తగా నేర్పాలా మేడమ్?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మర్నాడు ప్రదర్శనలో కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ ఆమె బల్ల మీది నీలం సంచి చేతిలోకి తీసుకుంది. లోపలి కుట్టు చూసింది, భుజానికి తగిలించుకుని మురిసిపోయింది.

"ఎవరల్లారండీ?"

"నేనే."

ధర చెప్పింది. ఆవిడ పర్సు జిప్పు తీస్తూ, ఏమీ అనకుండా సంచి వంకే చూస్తూ ఉండిపోయింది. అలాంటి మౌనం ఆమెకు బాగా తెలుసు. ఇంట్లో దాని వెనకాలే ఒక వంక వస్తుంది.

"అంచు కాస్త వంకరపోయింది లెండి. ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లాను," అనేసింది.

ఆవిడ అంచు వెతికి చూసింది. జిప్పు మూసేసింది. "మళ్లీ వస్తాను" అని వెళ్లిపోయింది.

సాయంత్రం దాకా అదే వరస. ఎవరు నిశ్శబ్దంగా నిలబడినా ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. ఒక్క సంచీ కదల్లేదు.

"లక్షణమైన సంచి. అంచు ఎక్కడ వంకరపోయిందే అమ్మాయ్?" అని అడిగింది పక్క బల్ల దగ్గర మట్టి గిన్నెలు అమ్మే పెద్దావిడ.

ఆమె అంచు పొడవునా వేలుతో తడిమింది. ఎక్కడా వంకరపోలేదు. ఉదయం నుంచీ తన గొంతుతో మాట్లాడినవి వాళ్ల మాటలే. భర్త ఆఫీసులో, అత్తగారు ఇంట్లో ఉన్నారు. వాళ్లు ఇంతదూరం రావాల్సిన అవసరమే లేదు.

సంచులు మడతపెట్టడం మొదలుపెట్టింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"పిన్నిగారూ, రేపు నా బల్ల కూడా మీరే చూసిపెడతారా?"

"ఏం, నువ్వు రావా?"

"వస్తాను. ఇవన్నీ సర్దేసి గేటు బయట కూర్చుంటాను. నేను పక్కన లేకపోతే ఇవి అమ్ముడుపోతాయండీ."