లైను ఖాళీ లేదు

మా బావకి తెలియని విషయమంటూ లేదు. ఈ మాట ఆయనే చెబుతాడు. నీటి మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో సూపర్‌వైజరు, ఇంటికొచ్చినా ఆ హోదా భుజాల మీంచి దిగదు. ఇంట్లో మూడు కంప్యూటర్లకీ వైర్లు తనే లాగాడు. ఏదో పత్రిక ముందేసుకుని, గోడలకి కన్నాలు కొట్టి, అక్క తుడిచిన చోటల్లా సున్నం రాల్చి మరీ లాగాడు. టెలిఫోన్ తీగ హాల్లో ఉన్న పెట్టెకి మాత్రమే కలిపాడు. మిగతా రెండింట్లో ఎవరికి ఇంటర్నెట్ కావాలన్నా ఆ హాలు పెట్టే వాళ్ల తరఫున డయల్ చేయాలి. దానికి సింహద్వారం అని పేరు పెట్టాడు. వంటగది పక్కనున్న అక్క కంప్యూటర్ పేరు వంటిల్లు. మేడ మీద వాళ్లమ్మాయిది పిచ్చుక. మేమంతా ఆ పిల్లని పిలిచే పేరు కూడా అదే.

ఒక పెట్టెలో దాచుకున్నవి ఇంకో పెట్టెలోంచి తెరుచుకుని చూడొచ్చు. అక్కకి ఆ సదుపాయం తెగ నచ్చింది. పిచ్చుక కదిలే బొమ్మలు గీసేది. అక్క కూర పొయ్యి మీద పెట్టి, వంటింటి పక్క నుంచే మేడ మీద బొమ్మలు చూసి నవ్వుకునేది. బొమ్మలు పెరిగి తన పెట్టెలో చోటు చాలక, పిల్ల వాటిని తెచ్చి సింహద్వారంలో పెట్టుకుంది. అక్కడే కొంప మునిగింది. డిస్కు నిండిపోయిందని బావ ఒకరోజు శుభ్రం చేశాడు. ఏళ్ల తరబడి గీసిన పని మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది.

పొరపాటైంది తల్లీ అంటే సరిపోయేది. ఆ ముక్క మాత్రం ఆయన నోట రాలేదు. "కాపీ పెట్టుకోవాలని తెలీదా?" అన్నాడు.

పిల్ల ఏడవలేదు. కంప్యూటర్ విప్పి అట్టపెట్టెలో సర్దుకుంది. వేరే ఊళ్లో స్నేహితురాలు గది చూసిపెడతానందట. గుమ్మంలో నిలబడి, "ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తానమ్మా, అడ్రస్ అప్పుడు చెప్తా" అంది. హాల్లోంచి బావ, "చేస్తే ఎత్తేవాడెవడూ లేడిక్కడ. రిసీవర్ తీసి పక్కన పడేస్తా" అన్నాడు. కోపంలో నోరు జారాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరికంటే ముందు ఫోన్ పక్కన కుర్చీ వేసుకుంది ఆయనేనని పిల్లకెలా తెలుస్తుంది?

నా ఉద్యోగం కూడా ఫోన్ల దగ్గరే. ఇంటర్నెట్ రావట్లేదని తిట్టేవాళ్ల తిట్లన్నీ విని, ఓసారి ఆపి మళ్లీ వేయండి సార్ అని చెప్పే ఉద్యోగం. ఆదివారాలు సాయంత్రం డ్యూటీ నాకే వేస్తారు, పెళ్లి కానిదాన్ని కదా, నాకు ఇల్లెందుకని వాళ్ల ఉద్దేశం. మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా అక్క నంబరు కొట్టేదాన్ని. ఎంగేజ్. కాసేపాగి కొడితే మళ్లీ ఎంగేజ్. పోనీలే, తల్లీకూతుళ్లు తనివితీరా మాట్లాడుకుంటున్నారు, మధ్యలో దూరకూడదని ఊరుకునేదాన్ని. వరసగా చాలా ఆదివారాలు అలాగే జరిగింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉండేది.

ఓ సోమవారం సెలవు దొరికితే అక్కావాళ్లింటికి వెళ్లాను. చెప్పులు విప్పుతూనే, "ఏమంటోందే మన పిచ్చుక? గంటలకొద్దీ ఏం మాట్లాడుకుంటారు?" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. "ఎవరు మాట్లాడారు? అది ఒక్కసారి కూడా చేయలేదు."

"మరి లైను ఎంగేజ్ వస్తుందేంటి? నిన్న కూడా వచ్చింది."

"నిన్నంతా ఫోన్ పక్కనే కూర్చున్నాంగా. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ టైంలో ముట్టుకోనివ్వను కూడా. సరిగ్గా మనం ఎత్తినప్పుడే అది చేస్తే?"

ఎవరూ ముట్టుకోకుండా ఎంగేజ్ వచ్చిందంటే లైను కంప్యూటరే వాడుకుంటోందన్నమాట. అక్కకి ఇంకా అర్థం కాలేదు. బావకి అయింది. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆదివారం మధ్యాహ్నమే నేను కనెక్షన్ కట్ చేస్తాను. నా చేత్తో చేస్తాను" అన్నాడు.

"కట్ చేశాక మళ్లీ చూశారా బావా?"

"ఎందుకు చూడాలి? కట్ అంటే కట్టే కదా."

ఎలాగో చూపించమన్నాను. చూపించాడు. లైను తెగింది. ఫోన్ ఎత్తితే డయల్ టోన్ బాగానే వచ్చింది. చూశావా అన్నట్టు బావ గడ్డం ఎత్తాడు. రోజంతా ఇలాంటి గడ్డాలతోనే నా పని కాబట్టి నేనేమీ అనలేదు.

"అక్కా, ఆదివారం సాయంత్రం మీరేం చేస్తారో ఇప్పుడు అచ్చం అలాగే చెయ్యండి" అన్నాను.

బావ కుర్చీలో కూర్చున్నాడు. అక్క స్టూలు మీద కూర్చుంది. ముగ్గురం ఫోన్‌కేసి చూస్తూ ఉన్నాం. కాసేపటికి అక్క లేచి లోపలికి వెళ్లి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. నేను రిసీవర్ ఎత్తాను. చెవిలో బరబరమని రొద. డయల్ అయ్యేటప్పుడు మోడెం పెట్టే కీచు అక్కకి పడదని బావ దాని స్పీకరు ఎప్పుడో ఆపేశాడు. అందుకే సింహద్వారం చడీచప్పుడూ లేకుండా డయల్ చేసేసింది.

"ఇప్పుడు లోపలికెళ్లి ఏం చేసొచ్చావక్కా?"

"ఏముంది? దాని బొమ్మల ఫోల్డర్ తెరుచుకుంటుందేమో అని ఒకసారి నొక్కి చూశాను" అంది అక్క మామూలుగా.

నేనూ బావా ఆవిడ వెంట వెళ్లాం. వంటిల్లు తెర మీద పిచ్చుక అన్న పేరు, దాని మీద ఎర్రటి అడ్డగీత. నొక్కితే కాసేపు ఆలోచించి, దొరకలేదు అని చెబుతుంది. అంతే. పిచ్చుక ఎక్కడున్నా తన కంప్యూటర్ వేసిందంటే ఆ ఫోల్డర్ ఇక్కడ తెరుచుకుంటుందని అక్క నమ్మకం. ఆ పెట్టె ఇంట్లో గోడ వైరుకి తగిలించి ఉంటేనే కనపడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆదివారం సాయంత్రాలు ఆవిడకి ఎదురుచూపు ఎక్కువ కాబట్టి నొక్కడమూ ఎక్కువే.

మిగతా కథంతా బావ చేసిన ఏర్పాటు. ఎవరైనా అడిగింది ఇంట్లో దొరక్కపోతే బయట వెతకమని సింహద్వారానికి నేర్పింది ఆయనే. ఓసారి డయల్ అయ్యాక లైను దానంతటది తెగకూడదని పెట్టిందీ ఆయనే, పిల్ల మెయిల్ ఇస్తే వెంటనే తెలియాలని. అక్క ఒక్కసారి నొక్కితే చాలు. పిచ్చుక ఇంట్లో లేదు, ఆ పెట్టె వెంటనే లోకం మీద పడి పిచ్చుక కోసం వెతికేది. అది వెతుకుతున్నంతసేపూ పిల్ల ఫోన్ లోపలికి రాదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడి, "నేను నొక్కడం వల్లేనా?" అని అడిగింది.

బావ నన్ను మాట్లాడనివ్వలేదు. "నువ్వు నొక్కితే ఏమవుతుంది? నా సెట్టింగే తప్పు. ఆ పెట్టె దానంతటదే డయల్ చేస్తోంది. తప్పు నాదే" అన్నాడు.

నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. వినాల్సిన మనిషి మాత్రం ఇంట్లో లేదు. అక్క నమ్మిందో లేదో నాకు తెలియదు. భోజనానికి కూరలేం లేవంటూ సంచి తీసుకుని బజారుకి వెళ్లింది. కాస్త ఒంటరిగా ఉండాలనుకుందేమో.

మేమిద్దరం హాల్లో కూర్చుని ఆ సెట్టింగులన్నీ ఒక్కొక్కటే పీకేశాం. పీకేసినవాటిని బావ మళ్లీ మళ్లీ తెరిచి చూశాడు. చివరికి విసుగెత్తి మోడెం తీగ గోడలోంచి ఊడబెరికాడు. ఆయన ఇంకా దాన్ని చేతిలో పట్టుకుని ఉండగానే ఫోన్ మోగింది.

బావ రిసీవర్ ఎత్తిన తీరు చూస్తే నాకు ఏడుపొచ్చింది. "అమ్మా" అన్నాడు.

అవతల వేరే ఆవిడ. పెద్ద గొంతు కావడంతో పక్కనున్న నాకు కూడా ప్రతి మాటా వినపడింది.

"మీ లైను ఇప్పటికి దొరికిందండీ. మీ అమ్మాయి మా ఇంట్లోనే అద్దెకి ఉండేది. తనకి ఏదో ఆఫీసు నుంచి కవరొచ్చింది, మీ ఇంటికి పంపించెయ్యమంటారా?"

"ఉండేది అంటే?" అన్నాడు బావ.

"ఖాళీ చేసి వెళ్లిపోయిందిగా. మీ దగ్గరికే వచ్చిందనుకున్నానే. రాలేదా?"

బావ గోడకి చేయి ఆనించాడు. "ఎక్కడికి వెళుతోందో చెప్పలేదా అండీ?"

"లేదండీ. ఆ స్నేహితురాలికి కూడా చెప్పలేదట. ప్రతి ఆదివారం మా ఫోన్ నుంచే మీకు చేసేది పాపం. ఎంగేజ్ ఆంటీ, ఇంకోసారి చేయనా అని అడిగి మరీ చేసేది. పోయినవారం మాత్రం ఒక్కసారే చేసింది. నాన్న రిసీవర్ తీసి పక్కన పెట్టేస్తానన్నారు, అన్నట్టే పెట్టేశారు, ఇంక చాల్లే ఆంటీ అంది. మరి కవరేం చెయ్యమంటారు?"

ఉంచమన్నాడు. ఆవిడ నంబరు అడిగి రాసుకున్నాడు. పిల్ల మళ్లీ వస్తే, ఎప్పుడు వచ్చినా, అప్పుడు లైను పాడైందని, నాన్న ఫోన్ పక్కనే కూర్చున్నాడని చెప్పమన్నాడు. ఆవిడ సరేనంది గానీ, మళ్లీ ఎందుకొస్తుందిలెండి అని కూడా అంది. బావ రిసీవర్ పెట్టేసి, ఆ నంబరు చీటీ జేబులో దాచుకున్నాడు.

"మీ అక్కకి నువ్వు చెప్పకు" అన్నాడు.

"ఎన్నాళ్లు దాస్తారు బావా? రేపైనా తెలుస్తుంది."

"తెలిస్తే తెలియనీ. నేను ముందు వెతుకుతాను, ఊళ్లు తిరుగుతాను. అందాకా మీ అక్కకి ఆ ఆదివారాల ఎదురుచూపైనా ఉండనీ."

నేను అరిచేదాన్నే. తప్పు, ఇది కూడా మీరు ఎవర్నీ అడక్కుండా తీసుకుంటున్న నిర్ణయమే అని చెప్పేదాన్నే. అప్పుడే గేటు చప్పుడైంది. అక్క సంచీతో మెట్లెక్కి వస్తూనే ఫోన్‌కేసి చూసింది. గోడలోంచి ఊడొచ్చి వేలాడుతున్న మోడెం తీగ చూసింది.

"బాగైందా?"

"అయింది" అన్నాడు బావ.

"అయితే ఇక దాని ఫోన్ వస్తుంది కదా?"

బావ వంగి ఆ తీగని చుట్ట చుట్టడం మొదలెట్టాడు. అక్క నావైపు తిరిగింది, ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసేదాన్ని నేనే కదా. వస్తుందక్కా, లైను ఇప్పుడు శుభ్రంగా ఉంది అన్నాను. అక్క సంచి కింద పెట్టి, గోడవారగా ఉన్న స్టూలు తెచ్చి ఫోన్ పక్కన వేసుకుంది.

"ఆదివారం దాకా ఎందుకులే, ఇవాళ్టి నుంచే కూర్చుంటాను" అంది.