ఒడ్డు మీద పడవ

నీళ్లంటే చచ్చేంత భయమున్న మనిషి, రాష్ట్రంలో ఉన్న జనాన్నంతా పడవలెక్కమని టీవీలో ఊదరగొడుతుందంటే నమ్ముతారా? నమ్మాలి మరి! "పదండి బయటికి" కార్యక్రమంలో యాంకరమ్మ చేసే ఉద్యోగం అదే. ప్రభుత్వ ఛానల్లో ప్రతి ఆదివారం పొద్దున్నే ఓ కొండనో, అడవినో, సరస్సునో చూపించి, చివర్లో చెయ్యి చాచి "భయమెందుకు, ఎక్కేయండి!" అంటుంది. కొండలు చకచకా ఎక్కేస్తుంది. జలగ పట్టినా నవ్వుతూ పీకేసుకుంటుంది. పడవ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒడ్డు దాటి ఒక్క అడుగు వెయ్యదు.

దానికి కెమెరామన్ ఓ ఉపాయం కనిపెట్టాడు. పడవని ఒడ్డున గడ్డిలో పెట్టి, యాంకరమ్మని అందులో కూర్చోబెట్టి, కెమెరాకి కనపడకుండా వంగిన ఇద్దరు మనుషుల చేత చెరోపక్కా ఊపించేవాడు. మూడోవాడు చెంబుతో మొహాన నీళ్లు చిలకరించేవాడు. తెడ్డు పాపం గాలిలోనే ఆడేది. ఏళ్ల తరబడి ఈ నాటకం నిక్షేపంగా సాగిపోయింది.

అసలు చిక్కు అత్తగారితో వచ్చింది. మోకాళ్ల నొప్పులని గుమ్మం దాటని ఆవిడ, ఆ కార్యక్రమం ఒక్క వారం కూడా వదల్లేదు. పాలవాడి దగ్గర్నుంచి పేపరబ్బాయి దాకా గుమ్మంలో దొరికినవాళ్లందరికీ "మా కోడలు దాటని సరస్సు లేదు" అని ఒకటే గొప్పలు. అది విన్నప్పుడల్లా కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇంతలో ఛానల్‌కి కొత్త అధికారి వచ్చాడు. ఈసారి లైవ్ అన్నాడు. యాంకర్ తన ఇంటి పెద్దావిడతో కలిసి పడవలో సరస్సు దాటాలట. ఇంకేముంది! అత్తగారు ఆ క్షణమే టోపీ వెతుక్కుంది, మోకాళ్లకి మందు రాసుకుంది, వీధి వీధంతా టీవీ పెట్టుకోమని చెప్పొచ్చింది. యాంకరమ్మకి అన్నం సయించలేదు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కోవచ్చు. కానీ తన గుట్టు రట్టయితే ఆ పెద్దావిడ వీధిలో తలెత్తుకుని తిరగ్గలదా?

ఆదివారం రానే వచ్చింది. సరస్సు ఎండలో తళతళలాడుతోంది. కెమెరా మీద ఎర్రలైటు వెలిగింది. అత్తగారు లైఫ్ జాకెట్ తనే తొడుక్కుని, పడవవాడి భుజం పట్టుకుని దర్జాగా ఎక్కేసింది.

"బకిల్ టక్కుమనాలి, పడవ మధ్యలో కూర్చోవాలి, ఊరికే లేచి నిలబడకూడదు. అన్నీ నువ్వు చెప్పినవేగా అమ్మాయ్! రా మరి."

యాంకరమ్మ చెక్క మెట్టు మీద కొయ్యబారిపోయింది. రాష్ట్రమంతా చూస్తోంది.

అత్తగారు చెయ్యి చాచింది. "భయమెందుకు, ఎక్కెయ్యి!"

ఏళ్ల తరబడి ఊరందరికీ వడ్డించిన మాట! ఇప్పుడు తన విస్తట్లోనే పడింది. యాంకరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఆ చెయ్యి పట్టుకుని, "అమ్మో!" అని రాష్ట్రమంతా వినపడేలా అరిచి, దబ్బున పడవలో పడింది.

పడవ కదిలింది. చల్లటి గాలి మొహానికి తగిలింది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. తెల్లటి కొంగలు నీళ్లని రాసుకుంటూ ఎగిరిపోతున్నాయి. చెయ్యి ముంచితే నీళ్లు వేళ్ల మధ్యనుంచి చల్లగా జారిపోతున్నాయి. అబ్బ, ఎంత బావుందో! ఇన్నాళ్లూ దీన్నా వదులుకుంది తను? స్క్రిప్టూ గిస్క్రిప్టూ గాలికొదిలేసి చిన్నపిల్లలా కిలకిలా నవ్వేసింది.

అత్తగారు వెనక్కి తిరిగి చూసింది. "అదిగోనే, ఒడ్డు కదులుతోంది! టీవీలో ఎప్పుడూ కదల్లేదే! నీ వెనక మేక కూడా ఉన్నచోటే గడ్డి మేస్తుండేది."

పడవవాడు తెడ్డు ఆపేశాడు. ఒడ్డున కెమెరామన్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అత్తయ్యా, మైకు..." అంది యాంకరమ్మ నీరసంగా. అంతలోనే ఆగలేక అడిగేసింది. "అంటే మీకు మొదట్నుంచీ తెలుసా? మరి ఊరందరికీ అలా ఎందుకు చెప్పారు?"

"ఏదో ఒకరోజు ఎక్కుతావని నాకు తెలుసులేవే. కాస్త ముందుగా చెప్పుకున్నాను, అంతే."

యాంకరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. లైవ్ అన్న సంగతే మర్చిపోయి అత్తగారిని వాటేసుకుంది. పడవ ఊగింది.

"కూర్చోవే తల్లీ, మధ్యలో కూర్చో!" అని అత్తగారు కేకేసింది.